మకరముఖపు మూతికట్టు

వర్షావసానంబున మేఘమాలికలు తొలగి నిర్మలంబైన నభోమండలంబున శరత్సూర్యుండు ప్రకాశించుచు ఱెల్లుపూవులం దెల్లనైన నదీసైకతంబులపై బంగారునీరు చల్లుచున్న ప్రభాతంబున పింగళాద్రి సంస్థానపు టాయుధశాలాద్వారంబున మహానవమీపూజకై పరిచారకులు మామిడాకుల తోరణంబులు గట్టుచుండిరి.

ఆ శాలకు బెద్దయగు అఘోరాచారి లోపల నొక మూల గూర్చుండి యొరగల్లుపై బాకును నూఱుచుండెను గాని యతని చూపు బాకుపై లేదు. ఎదుట మౌనేశాచారి, ఒక్క గురువు కడనే తనతోడ విద్యనేర్చిన చిన్నవాడు, ప్రభువువారి సీమతుపాకికి మూతికట్టు బిగించుచుండెను. ఆ తుపాకి పేలినపుడెల్ల మూతి మీదికెగసి గుఱి దప్పుచుండుటచే, లోనుండి వెడలు పొగవేడిని ఇరుప్రక్కలకు మరల్చు నుక్కుకట్టు నొకదానిని మకరముఖాకారంబున జేయుమని ముకుందభూపాలుడు పెద్దవానిని విడిచి యీ చిన్నవాని నాజ్ఞాపించెను. నాటినుండి అఘోరాచారికి నిదుర లేదు. భార్య కనకాంబ సయితము వడ్డించుచు “మౌనేశము మలచిన మకరమునకు కన్నులు గదలుచున్నట్లే యున్నవట” యని యనగా అతడు ముద్దను విస్తరిలోనే విడిచి లేచిపోయెను.

మౌనేశాచారి సన్నని యుక్కుకమ్మిని గొట్టమున వెనుకనుండి చొప్పింపగా నది యెచ్చటను దాకక మకరపు నోటి నట్టనడుమ వెలువడెను.

“అన్నా, మీరును ఒకమారు చూడుడు. మీ కంటబడని దోషముండదు.”

అఘోరాచారి యొంటికంట జూచెను. దోషము వెదకెను. దొరకినచో నంత మంట పుట్టియుండదు.

“బాగుగనే యున్నది” అనెను.

మౌనేశాచారి సంతసించి స్నానార్థము నదికి బోయెను. శాల నిర్మానుష్యమయ్యెను. అఘోరాచారి లేచి బిగింపుచీలను సడలించి కట్టును వెండ్రుకవాసి యొరగించి మరల బిగించెను. నేటి సభలో ప్రభువు ప్రేల్చునపుడు గుండు నోటియంచును రాచుకొని గుఱి దప్పును, సభ నవ్వును. అంతకుమించి యతడప్పు డాలోచింపలేదు.

అపరాహ్ణంబున సామంతపరివృతుండై ప్రభువు తుపాకి నందుకొనబోవునంతలో మౌనేశాచారి యంజలి ఘటించి విన్నవించెను.

“మహాప్రభూ, విద్యలో మా యన్నగారు నాకు బెద్దలు. తొలిగుండు వారిచే వేయింపుడు. నాకు వేఱు సత్కారమక్కఱలేదు.”

ప్రభువు చిఱునవ్వున సమ్మతించెను. తుపాకి అఘోరాచారి చేతులకు వచ్చెను. అంచు దాకిన గుండు ఉక్కును జీల్చి ప్రేల్చువాని ముఖముననే వెదజల్లగలదని యప్పుడు గదా యతనికి దోచెను. తుద కాతడు కమ్మిని దెప్పించి గొట్టమున నుంచెను. అది మకరపు దంతముల దాకి నిలిచెను.

“ప్రభూ, కట్టు వంకరగా నున్నది. ప్రేల్చిన ప్రాణాపాయము.”

ప్రభువు ముఖము వివర్ణమై పిదప గోపారుణమయ్యెను. “అఘోరాచారి లేకున్న నేడు మా కన్నులేమగును?” అని తన చేతి స్వర్ణకంకణమును దీసి యతనికి దొడిగి, మౌనేశాచారిని గొలువునుండి తొలగుమనెను.

మౌనేశాచారి కమ్మిని జూచెను. పిమ్మట అన్నను జూచెను. ఆ చూపున గోపము లేదు, ఎఱుక మాత్రముండెను. తానెఱిగినదాని నతడు సభలో నొక్కమాటయైనను జెప్పలేదు.

సాయంకాలమున భార్యాసమేతుండై యూరువిడుచుచు నతడు అఘోరాచారి వాకిట నిలిచి పాదములంటెను.

“ఆ కట్టును సరిచేయుట యిక మీ పని, అన్నా. ఎటు త్రిప్పవలెనో మీకు దెలియును.”

అఘోరాచారి దీవింప జేయెత్తబోయి, కంకణమును జూచి దించుకొనెను. మౌనేశాచారి క్షణకాలము వేచి, లేచి, బండి వెంట నడచిపోయెను.

రాజసత్కారము జూడ నిరుగుపొరుగువారు గుమిగూడి కంకణమును బొగడుచుండ అఘోరాచారి చేతిని ఉత్తరీయమున దాచుకొనెను. పరుని యశస్సు బెఱికిన తావున దన యశస్సు మొలచునని నమ్మువాడు దున్నునది యన్యుల పొలము గాదు, తన యెదయే.

“బిగువుగా నున్నదా?” యని కనకాంబ యడిగెను.

ఆతడు తల యూచెను.