రెండో అధ్యాయానికి లేచే కాలు

ఆ ఇంట్లో తలుపు వేసుకోగలిగే గది ఒక్కటే. లాక్‌డౌన్ మొదలవగానే అది భర్తకి ఆఫీసైంది. భార్య పీహెచ్‌డీ వంటగట్టు మీదికి, కుక్కర్ పక్కకి చేరింది. ఇదేం న్యాయమని అడగాల్సిన మనిషికేమో అడిగే తీరికే లేదు.

పైగా మామగారు. పక్షవాతంతో మాట పోయింది, కుడికాలు మొరాయించింది. వ్యాయామం చేయించడానికి వచ్చేవాళ్లు మానేశాక ఆ పనీ కోడలి నెత్తినే పడింది. ఆమేం తక్కువ తిందా? ఒకే దెబ్బకి రెండు పిట్టలని, ఆయన కాలు ఎత్తిస్తూ తన థీసిస్ పైకి వల్లెవేసేది. మొక్క వేరు మట్టిలో తడిని ఎలా వెతుక్కుంటుందో చెప్పే రెండో అధ్యాయం వింటూ ఆయన బుద్ధిగా కాలు ఎత్తేవారు.

ఆన్‌లైన్ వైవా తేదీ ఖాయమైంది.

"ఓ నెల వాయిదా అడగరాదూ? ఇంట్లో పరిస్థితి చూస్తున్నావుగా," అన్నాడు భర్త, వైవా ముందురోజు.

"మామయ్య కాలికి వాయిదా ఉందా? నా చదువుకీ లేదు. రేపు సెలవు పెట్టండి. గది నాది, మామయ్య మీ వంతు."

మర్నాడు వైవా మంచి పాకాన పడిన వేళ తలుపు తెరుచుకుంది. భర్త తల లోపలికి పెట్టాడు.

"నాన్న కాలు కదపడం లేదు. బతిమాలాను, కసిరాను. ఒక్క నిమిషం వచ్చి వెళ్లవూ?"

'ఇంట్లో ఇబ్బందిగా ఉంటే మరోసారి పెట్టుకుందాం' అని పరీక్షకుడు మొదట్లోనే అన్నాడు. ఇప్పుడు లేస్తే ఐదేళ్ల కష్టం మళ్లీ కుక్కర్ పక్కకి పోతుంది. మైకు ఆపి, బల్ల మీదున్న థీసిస్ ప్రతి భర్త చేతిలో పెట్టింది.

"రెండో అధ్యాయం పైకి చదవండి. అదే లేస్తుంది."

వేళాకోళమనుకున్నాడు పాపం. అయినా కాసేపటికి హాల్లోంచి తడబడుతూ తడబడుతూ చదువు వినిపించింది. ఆమె మైకు వేసుకుని, వదిలిన చోటి నుంచే జవాబు అందుకుంది. ఆ తర్వాత ఏ ప్రశ్నకీ తడుముకోలేదు.

పరీక్షకులు అభినందించారు. ఆమె గాల్లో తేలుతూ హాల్లోకి వచ్చింది. భర్త నేల మీద కూర్చుని, ఒళ్లో థీసిస్, అరచేతిలో పైకి లేచిన తండ్రి మడమ పెట్టుకుని ఉన్నాడు. వైవా ఏమైందని కూడా అడగలేదు.

"మట్టంతా ఎండిపోతే వేరుకి ఎటు పోవాలో ఎలా తెలుస్తుంది?" అన్నాడు.

ఐదేళ్లలో ఆమె పని గురించి అతను అడిగిన మొదటి ప్రశ్న అది. ఆమె ఎదురుగా కుర్చీ లాక్కుని దర్జాగా కూర్చుంది.

"చెప్తాను, వినండి. మీరా కాలు మాత్రం వదలకండి."