అంబాసిడర్ అద్దంలో రెండో సగం

శుక్రవారం వచ్చిందంటే అమరేశ్వరరావు కాలు ఇంట్లో నిలవదు. పొద్దున్నే తలస్నానం, ఇడ్లీలు, ఇస్త్రీ చొక్కా, ఆ తర్వాత అంబాసిడర్ కారు తుడవటం. తుడిచే గుడ్డ ఇంకొకళ్ళ చేతికివ్వడు. పెళ్ళాన్నయితే అసలు దగ్గరికే రానివ్వడు, గీతలు పడతాయంటాడు. తుడిచాక కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "ఏమే, తెమిలావా? పేర్లు పడే టైముకి పోకపోతే సినిమా చూసినట్టే ఉండదు" అని వీధి చివరిదాకా వినపడేట్టు కేకేస్తాడు. నరసరావుపేటలో మార్నింగ్ షో. ఏ సినిమా అని అడగటానికి లేదు. నచ్చిన సినిమా చూసి ఎన్నాళ్ళయిందో ఆయనకే గుర్తులేదు, అయినా అలవాటు అలవాటే.

స్టీరింగు ఆయనది. ముందు ఎడమ సీటు ఆయన కండువాది, మడత నలగకుండా అక్కడ పరిచి ఉంటుంది. ఆయన భార్య హైమావతి, పక్కింటి శాంతమ్మ పిన్ని వెనక సీట్లో.

రొంపిచెర్ల రోడ్డులో ఉన్న ఆ ఊరివాళ్ళు సినిమా బాగాలేదని పెద్దగా బాధపడరు. హాల్లో చెడిన సినిమాని అమరేశ్వరరావు కారు బాగుచేస్తుంది. పేట దాటి కాస్త వేగం అందుకోగానే ముందు అద్దంలో ఎడమ సగాన ఇంటర్వెల్ తర్వాతి కథ మళ్ళీ మొదలవుతుంది, ఈసారి జరగాల్సిన తీరులో. కుడి సగంలో మామూలు రోడ్డే ఉంటుంది, డ్రైవరుకి కావాలి గదా. కారు ఆగితే బొమ్మ ఆగుతుంది. కొందరి బండికి ఏసీ బాగుంటుంది, కొందరి బండి మైలేజీ ఇస్తుంది, ఈ బండికి ఈ గుణం ఉంది, అంతే. కొత్త సినిమా పడిన రోజున కుర్రకారు మోటారు సైకిళ్ళేసుకుని కారుని ఆనుకునే వస్తా, మెడలు సాగదీసి అసలైన క్లైమాక్స్ చూసుకుని ఇళ్ళకి పోతారు.

ఇంత బండి పెట్టుకుని అమరేశ్వరరావు చూపంతా ఎదుటివాళ్ళ కార్ల మీదే. పొరుగింటి పుల్లకూర రుచి అన్నారందుకే. ఈ మధ్య ఆయన మనసు కోల్డ్ స్టోరేజీ శివరామయ్య కొన్న నల్లకారు మీద పడింది. లారీ అంత ఎత్తు, తలుపు మూస్తే చప్పుడుండదు, సీటు దానంతటదే వెనక్కి వాలుద్ది. ఒకరోజు శివరామయ్య ఆ కారు తాళాలు ఆయన చేతిలో పెట్టి సత్తెనపల్లి దాకా తోలనిచ్చాడు. తిరిగొచ్చేసరికి అమరేశ్వరరావు ఊరి బడి ఆటస్థలాన్ని ఆయనకిస్తానని మాటిచ్చేసి వచ్చాడు. మిర్చి లారీలు నిలబెట్టుకోటానికి చోటు కావాలిట.

ఆయనెవరు మాటివ్వటానికి అంటారేమో. ఆ ఊరి సర్పంచ్ హైమావతి. సీటు ఆడవాళ్ళకి రిజర్వయితే ఆయనే ఆమెతో నామినేషన్ వేయించాడు. ఓట్లు ఆమెకి పడ్డాయి, దండలు ఆయన మెళ్ళో పడ్డాయి. అప్పట్నించీ "సర్పంచ్ గారు" అని ఎవరు పిలిచినా పలికేది ఆయనే, పంచాయతీ ఆఫీసులో కుర్చీ ఎక్కేదీ ఆయనే. హైమావతి చేసే పనల్లా వంటింటి గడప మీద కూచుని ఆయన చూపించిన చోట సంతకం పెట్టటం. చేతికి తడుంటే చెంగుకి తుడుచుకుని మరీ పెట్టేది.

ఈ సంతకం మాత్రం ఆమెకి నిద్ర పట్టనివ్వలేదు. ఆ స్థలంలో ఆడపిల్లలు సాయంత్రాలు కబడ్డీ ఆడతారు. బట్టలు తీయటానికి డాబా ఎక్కిన హైమావతి వాళ్ళని చూస్తా నిలబడిపోయేది. ఓట్లకి పోయినప్పుడు ఆ పిల్లల తల్లుల చేతులు పట్టుకుని, "గెలిస్తే పిల్లల ఆటకి ప్రహరీ గోడ కట్టిస్తానమ్మా" అని చెప్పింది. ఆ మాట ఎవరూ రాసివ్వలేదు, ఆమె సొంతంగా అన్నది. తీర్మానం పెట్టేది ఈ శుక్రవారమే, సాయంత్రం నాలుగింటికి గ్రామసభ.

"ఏమండీ, ఆ స్థలం వద్దండీ" అంది కారెక్కేముందు.

"ఆ సంగతి నీకెందుకే? సాయంత్రం వచ్చి సంతకం పెట్టు, చాలు" అని ఆయన హారన్ కొట్టాడు.

సినిమా ఎప్పట్లాగే నీరసంగా ఉంది. హీరోయిన్ మొదటి సగంలో కలెక్టరు, దొంగ లారీలు పట్టుకుంటుంది, మంత్రిని నిలదీస్తుంది. ఇంటర్వెల్ తర్వాత ఆఫీసూ లేదు, జీపూ లేదు. మంచుకొండల్లో పల్చటి చీర కట్టుకుని పాటలు పాడింది.

"ఆ పిల్ల ఉద్యోగం ఏమైందే?" అంది శాంతమ్మ బయటికొస్తా. "సెలవు పెట్టిందా, పీకేశారా? చెప్పొద్దూ? చలికి చచ్చుద్ది పాపం!"

"కారెక్కు పిన్నీ, తెలుస్తది" అంది హైమావతి.

పేట దాటారు. అద్దంలో బొమ్మ పడింది. కలెక్టరమ్మ మంచుకొండలు దిగి ఆఫీసుకొచ్చింది. విలన్ ఫైలు ముందుకి తోసి సంతకం పెట్టమన్నాడు. హీరో కూడా, "పెట్టెయ్, మనోడే" అన్నాడు. ఆమె పెన్ను తీసుకుంది. వెనక సీట్లో హైమావతి ముందుకి వంగింది. "పెట్టొద్దు తల్లీ" అనేసింది పైకే. సరిగ్గా అప్పుడు, సాగర్ కాలవ వంతెన దగ్గర, కారు దగ్గి ఆగిపోయింది. అద్దం నిండా మిరప తోటలే మిగిలాయి.

అమరేశ్వరరావు తాళం తిప్పాడు. బోనెట్ ఎత్తాడు, దించాడు. బతిమాలాడు, తిట్టాడు, టైరుని తన్ని కాలు నొప్పి పుట్టించుకున్నాడు. బండి ఉలకలేదు, పలకలేదు.

"ఒరేయ్ అమరేశం, బండి అలిగిందిరా. నువ్వంటే దానికి సరిపోవట్లా" అంది శాంతమ్మ, జామకాయ కొరుక్కుంటా.

ఇంతలో వెనకనించి నల్లకారు వచ్చి పక్కన ఆగింది. అద్దం కిందికి జారింది, చల్లగాలి రోడ్డు మీదికొచ్చింది. శివరామయ్య తల బయటపెట్టి, "ఎక్కండి సర్పంచ్ గారూ, ఆ పాత ఇనుముతో ఎందుకు తంటా? సభకి టైమవుతంది" అన్నాడు. సర్పంచ్ గారూ అన్నది అమరేశ్వరరావుని.

ఆయన కళ్ళు మెరిశాయి. "రాయే హైమా, ఏసీలో హాయిగా పోదాం" అని తాళాలు కారుకే వదిలేసి పోయి నల్లకారు ముందు సీట్లో కూలబడ్డాడు. సీటు వెనక్కి వాలింది.

హైమావతి ఆ కారు వంక చూసింది, అంబాసిడర్ వంక చూసింది. ముప్పాళ్ళలో పుట్టింట ఉన్నప్పుడు నాన్న ట్రాక్టరు ఆమే తోలేది. దుక్కికీ ఆమే, మిరపకాయల లోడుకీ ఆమే. పెళ్ళయి వచ్చాక స్టీరింగు ఎట్టా ఉంటుందో చేతులే మర్చిపోయాయి.

"మీరు పదండి, నేనొస్తా" అంది.

"ఎట్టా వస్తావే? నడిచా?"

ఆమె అంబాసిడర్ వైపు నడిచింది. నల్లకారు వెళ్ళిపోయింది. హైమావతి ముందు తలుపు తీసి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, స్టీరింగు ముందు కూచుంది. తాళం తిప్పింది. తిప్పటమే ఆలస్యం, బండి ఈలేసినంత హుషారుగా లేచింది.

"అమ్మ నా తల్లే!" అంది శాంతమ్మ.

గేరు కాస్త మొరాయించింది, తర్వాత దారికొచ్చింది. అద్దంలో ఎడమ సగాన కలెక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. లేచింది, మెట్లు దిగింది, తన జీపు తనే ఎక్కింది. జీపు కాలవ కట్ట ఎక్కింది. హైమావతి కూడా కట్ట మీదికి తిప్పింది, అది ఊరికి అడ్డదారి. అద్దంలో రెండు సగాల్లోనూ అదే కట్ట, అదే నీళ్ళు, అవే తుమ్మచెట్లు. కాసేపటికి ఏది సినిమానో ఏది రోడ్డో విడదీయటానికి వీల్లేకుండా పోయింది. అద్దం ఎడమ సగంలో కలెక్టరమ్మ మొహం కోసం చూసిన శాంతమ్మకి హైమా మొహమే కనపడింది.

"బలే ఉందే సినిమా! తోలు, తోలు!" అని సీటు మీద చరిచింది.

కాలవకి అవతల తారు రోడ్డు మీద నల్లకారు పత్తి ట్రాక్టరు వెనక చిక్కుకుని నత్తనడక నడుస్తోంది. అమరేశ్వరరావు వాలిన సీట్లోంచి కాలవ వైపు చూశాడు. ఎండలో తెల్లగా మెరుస్తా, దుమ్ము లేపుకుంటా ఒక అంబాసిడర్ పోతోంది. లోపల ఎవరో ఆడమనిషి నిటారుగా కూచుని తోలుతోంది. జన్మలో ఎప్పుడూ ఆయన తన బండి పోతుంటే బయటనించి చూడలేదు.

"ఎవరిదయ్యా ఆ బండి, ఎంత బాగుందో" అన్నాడు మైమరచి. అన్నాక పోల్చుకున్నాడు. పోల్చుకుని సీటు నిటారుగా చేసుకున్నాడు. అది తుమ్మచెట్ల చాటుకి పోయేదాకా చూస్తానే ఉన్నాడు.

పంచాయతీ ఆఫీసు ముందు జనం నిండారు. కబడ్డీ పిల్లలు గోడవారన మొహాలు వేలాడేసుకుని నిలబడ్డారు. హైమావతి కారు దిగి లోపలికొచ్చింది. కార్యదర్శి మొబైల్లో తల పెట్టి, "కాసేపు ఆగండి, సర్పంచ్ గారింకా రాలేదు" అన్నాడు.

"వచ్చిందిగా" అంది హైమావతి. "నేను కనపడట్లేదా నీకు?"

కార్యదర్శి ఫోను జేబులో పెట్టుకుని లేచి నిలబడ్డాడు. ఆమె పోయి కుర్చీలో కూచుంది. కుర్చీ కిర్రుమంది. అంతే, ఇంకేం కాలేదు.

అప్పుడొచ్చారు వాళ్ళిద్దరూ. శివరామయ్య కుర్చీలో ఆమెని చూసి మొహం చిట్లించి, అమరేశ్వరరావు మోచెయ్యి పొడిచాడు. "చెప్పవయ్యా మీ ఆవిడకి. మాటిచ్చావు గదా?"

ఊరంతా ఆయన వైపు తిరిగింది. హైమావతీ చూసింది. ఆయన కాదంటే ఆ కుర్చీలో కూచోటం తేలికే, ఇంటికెళ్ళటం కష్టం. ఆమె చూపు దించలేదు.

అమరేశ్వరరావు ఒకసారి గొంతు సవరించుకున్నాడు. "నన్నడుగుతావేంది బావా?" అన్నాడు. "నేనిచ్చిన మాటకి విలువేముంది, ఓట్లు నాకు పడ్డాయా? సర్పంచ్ అక్కడ కూచుంది, ఆమెనడుగు."

"ఆ స్థలం ఇవ్వం" అంది హైమావతి. "లారీలు మీ స్థలంలో నిలబెట్టుకోండి శివరామయ్య అన్నయ్యా. అది పిల్లలది. వచ్చే నెల గోడ మొదలుపెడతన్నాం. ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి."

తల్లులు ముందెత్తారు. తర్వాత ఆ హాల్లో ఎత్తని చెయ్యి ఒక్కటే, దాన్ని శివరామయ్య జేబులో పెట్టుకున్నాడు. కబడ్డీ పిల్లలు సినిమా హాల్లో వేసినట్టు ఈలలేశారు. ఒక పిల్లయితే కాయితాలు చింపి గాల్లోకి ఎగరేసింది. శాంతమ్మ ఆ కాయితం ముక్కల్లో నిలబడి కళ్ళు తుడుచుకుంటా నవ్వింది.

అందరూ బయటికొచ్చేసరికి కారు అద్దం వెలుగుతోంది. ఇంజను ఆగి ఉంది, అయినా వెలుగుతోంది, ఈసారి అద్దం మొత్తం. ఊరి జనమంతా చుట్టూ మూగారు. శుభం పడుద్దేమోనని పిల్లలు ఎగిరెగిరి చూశారు.

"ఏమని పడిందిరా? నాకు కళ్ళజోడు లేదు" అంది శాంతమ్మ.

అమరేశ్వరరావు వంగి చదివాడు. "విశ్రాంతి అని పడింది పిన్నీ."

"అయితే ఇంకా సగం బొమ్మ ఉందన్నమాట!"

హైమావతి నవ్వుతా స్టీరింగు ముందు కూచుంది. ఆయన కారు చుట్టూ తిరిగొచ్చి, ఎడమ సీటు మీది కండువా తీసి చంకలో పెట్టుకుని, తను కూచున్నాడు. తలుపు మెల్లగా వేశాడు.

"పోనియ్యవే" అన్నాడు. "మొదలైపోద్ది."