పెద్దమ్మకు పిడికెడు ఇసుక

పొద్దు పొడిచేసరికే మాస్టారు షెడ్డులో మోకాళ్ళ మీద కూర్చుని ఇంజను చక్రాలు తుడుస్తున్నారు. చేతిలో నూనె గుడ్డ. చక్రం ఆకులు అయ్యాయి, ఇరుసు మూత అయింది. ఇక పట్టా మీద దొర్లే అంచు ఒక్కటే మిగిలింది. మామూలు ఆదివారాల్లో దాని జోలికి ఎవరూ పోరు. కానీ ఇవాళ ఊరు ఊరంతా కెమెరాలు పట్టుకుని చూస్తుంది. ఆ అంచు కూడా వెండి కంచంలా మెరిస్తే బాగుంటుందనిపించింది ఆయనకు. మెరిపించారు.

మాస్టారు కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన మనిషి. భార్య పోయాక ఆయన ఆదివారాలు గోడలతో గడుపుతున్నారని కూతురు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ఈ షెడ్డులో వదిలిపెట్టింది. పాత ఆవిరి ఇంజన్‌ని బతికించుకోవాలని పట్టుబట్టిన కొద్దిమంది పిచ్చివాళ్ళ చోటది. మందుల షాపాయన బొగ్గు వేస్తాడు. వారమంతా కరెంటు లోకల్ బండ్లు నడిపే డ్రైవరమ్మ ఒక్క సెలవురోజునూ మానుకుని దీన్ని నడుపుతుంది. ఒక దర్జీ పెట్టెల్లో సీట్లకు గుడ్డ కుడతాడు. తనకేమీ చేతకాదని మాస్టారు మొదటిరోజే ఒప్పేసుకుంటే, డ్రైవరమ్మ ఎగాదిగా చూసి, "తుడవడం వచ్చా?" అని అడిగింది. వచ్చన్నారు. భార్య మంచం పట్టిన ఏడాదిన్నరా ఇంట్లో ఆయన చేసిందే ఆ పని.

ఇంజనుకు పెద్దమ్మ అని పేరు. షెడ్డులో అందరికంటే పాతది కావడం ఒక కారణం. ఏ పెళ్ళికి బయల్దేరదీసినా ముహూర్తం దాటాక గానీ గుమ్మం దిగని పెద్దమ్మలు ప్రతి ఇంట్లోనూ ఉంటారు కనక అన్నది రెండో కారణం.

ఇవాళ మాత్రం ఆలస్యం చెల్లదు. రైళ్ళు పుట్టిన నాటి నుంచి నిన్న మొన్న వచ్చిన కొత్త బండి దాకా అన్నీ వరసగా జనం ముందు నుంచి సాగే ఊరేగింపు ఇది. ఏర్పాట్లు చూస్తున్న అధికారి నెలకిందటే వచ్చి ఉన్న మాట చెప్పి వెళ్ళాడు. పెద్దమ్మ తన ఆవిరితో తాను వంతెన దాటిందా, కొండవైపు చిన్న లైన్లో ఆదివారాలు నడుపుకోవడానికి అనుమతి ఇస్తారు. నడిమధ్యలో చతికిలబడి వెనక బండి చేత తోయించుకుందా, బొమ్మలా నిలబెట్టేయడానికి నాలుగు రోడ్ల కూడలిలో సిమెంటు దిమ్మె కట్టి సిద్ధంగా ఉంది. ఆయన మాటలో కక్షేమీ లేదు. పైవాళ్ళు చెప్పిందే చెప్పాడు, పైగా ఆ మాట చెప్పేటప్పుడు ఇంజను వైపు చూడలేకపోయాడు. మాస్టారు ఆ మేరకు ఆయన్ని మంచివాళ్ళ ఖాతాలో వేసుకున్నారు.

"దిమ్మె ఎక్కిన ఇంజన్ని మళ్ళీ ఎక్కేవి పావురాలే," అంది డ్రైవరమ్మ. అంతే. ఆ రోజు నుంచి షెడ్డులో ఎవరూ ఇంటికి వేళకు వెళ్ళలేదు.

ఒక్క విషయంలోనే ఆమె మాట నెగ్గలేదు. పట్టా జారుడుగా ఉన్నప్పుడు చక్రాల ముందు ఇసుక రాల్చడానికి ఇంజనుకు రెండు ఇసుక డబ్బాలుంటాయి. వాటి గొట్టం కారి, కొత్తగా వేసిన నల్ల రంగు మీద ఇసుక చారలు కడుతోంది. ఊరేగింపు అయ్యేదాకా డబ్బాలు ఖాళీ చేద్దామని దర్జీ అన్నాడు. మందుల షాపాయన తలూపాడు. మాస్టారు ఇంకో అడుగు ముందుకేసి, పెళ్ళికి వెళ్తూ జేబులో ఇసుక ఎవరైనా పోసుకుంటారా అని నవ్వించారు. డ్రైవరమ్మ నవ్వలేదు. ఇసుక సోకుకు పెట్టింది కాదని గొణిగి, నలుగురి మాటా కాదనలేక ఊరుకుంది.

రాత్రి వాన పడి తెల్లారేసరికి వెలిసింది. ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. పెద్దమ్మ మూడు చెక్కపెట్టెలు తగిలించుకుని షెడ్డు దాటుతుంటే, మాస్టారు మొదటి పెట్టె గుమ్మంలో పచ్చ జెండా పట్టుకుని నిలబడ్డారు.

పట్టాల పక్కన తాడు కట్టారు. తాడుకు అవతల జనం. మామూలు జనం సంగతి వేరు, వాళ్ళు ఏ బండి వచ్చినా చప్పట్లు కొడతారు. వాళ్ళ మధ్య రైలు పిచ్చివాళ్ళను చూడగానే గుర్తుపట్టవచ్చు. చప్పుళ్ళు రికార్డు చేసుకునే పొడుగాయన చెవులకు డిప్పలు పెట్టుకుని, చుట్టుపక్కల ఎవరు దగ్గినా కళ్ళతోనే కాల్చేస్తున్నాడు. ఇద్దరు అక్కచెల్లెళ్ళు మడత కుర్చీల్లో కూర్చుని, వచ్చిన ప్రతి ఇంజనూ ఏ ఏడు ఏ లైన్లో తిరిగిందో ఒకరినొకరు సరిదిద్దుకుంటున్నారు. తాడు వెంబడి బారులు తీరి కెమెరాల వాళ్ళు. వాళ్ళది ఒకటే చట్టం, ఎక్కడా రాసి లేదు గానీ ఎవరూ మీరరు: తాడు దాటి ముందుకు పోకూడదు, పక్కవాడి బొమ్మలో మన వీపు పడకూడదు. మీరినవాణ్ణి ఆ లోకంలో తరవాత ఎవరూ పలకరించరు.

ఆ బారులో మాస్టారి బావమరిది ఉన్నాడు. భార్యకు తమ్ముడు, కళ్ళజోళ్ళ దుకాణం. అతనికి డీజిల్ ఇంజన్ల పిచ్చి. ఆవిరి బండంటే పొగా మసీ అని కొట్టిపారేస్తాడు. పెద్దమ్మ వెనక రాబోయే ఎర్ర డీజిల్ ఇంజను కోసమే తెల్లవారకముందు వచ్చి చోటు పట్టాడు. గాలికి కెమెరా కదలకుండా స్టాండు కింద ఇసుక సంచి వేలాడదీశాడు. దాన్ని మోసుకురావడం చూసి మాస్టారు ఎన్నో ఏళ్ళుగా ఆటపట్టిస్తూనే ఉన్నారు, బరువు మోయడానికి గాడిద దొరకలేదా అని. దానికి బావమరిది జవాబు కూడా ఎప్పుడూ ఒకటే. ఏదో ఒకరోజు మావాడు, ఈ ఎర్ర ఇంజను, మీ పెద్దమ్మని వెనకనుంచి తోస్తాడు, ఆ ఫొటో పటం కట్టించి నీ హాల్లో నేనే మేకు కొడతాను, అని.

పెద్దమ్మ జనం ముందుకు వచ్చేసరికి సిగ్నల్ ఎరుపుకు మారింది. ముందు వెళ్తున్న బుల్లి ఇంజను వంతెన మీద నెమ్మదించిందట. బండి ఆగింది. ఆగడం మంచిదే అనుకున్నారు అందరూ. కెమెరాలు టపటపలాడాయి. అక్కచెల్లెళ్ళు లేచి నిలబడ్డారు. మెరుస్తున్న చక్రాలను చూసి ఎవరో ఆహా అంటే, మాస్టారికి గుండె అరచేయి మందాన పొంగింది.

సిగ్నల్ పచ్చబడింది. డ్రైవరమ్మ కూత వేసి ఆవిరి వదిలింది. చక్రాలు గిర్రున తిరిగాయి. బండి కదల్లేదు.

సరిగ్గా అక్కడినుంచే వంతెన ఎత్తు మొదలవుతుంది. పెట్టెల నిండా జనం. ఆమె ఆవిరి కట్టేసి మళ్ళీ కొంచెం కొంచెంగా వదిలింది. మళ్ళీ చక్రాలు ఉన్నచోటే తిరిగి కీచుమన్నాయి. చిమ్నీ నుంచి పొగ పెద్ద అబద్ధంలా పైకి లేచింది. జనంలో ఎవరో నవ్వారు. పిచ్చివాళ్ళు నవ్వలేదు. వాళ్ళకు ఏం జరుగుతోందో తెలుసు, తరవాత ఏం జరగబోతోందో కూడా తెలుసు.

మాస్టారు తన వేళ్ళు చూసుకున్నారు. గోళ్ళ సందుల్లో పొద్దుటి నూనె ఇంకా నల్లగా ఉంది. పెట్టె దిగి ఇంజను దగ్గరికి పరిగెత్తి, పొద్దున తాను చేసిన నిర్వాకం ఉన్నదున్నట్టు చెప్పారు.

"అంచు కూడా తుడిచారా?" అంది డ్రైవరమ్మ.

"అంచు కూడా."

ఆమె తిట్టలేదు. తిట్టే తీరిక లేకపోవడం కూడా ఒక్కోసారి దయే. "పొడి ఇసుక కావాలి మాస్టారూ. ఎక్కడినుంచి తెస్తారో నాకు తెలీదు," అని బ్రేకు బిగించింది.

పట్టాల పక్కన మట్టి రాత్రి వానకు ముద్దగా ఉంది. అధికారి అప్పటికే రేడియోలో మాట్లాడుతున్నాడు. వెనక వంపులో ఎర్ర డీజిల్ ఇంజను ముక్కు కనిపించింది. మాస్టారు అధికారి దగ్గరికి వెళ్ళి ఒక్క అవకాశం అడిగారు. అధికారి వెనక్కి చూశాడు, ముందుకు చూశాడు. డీజిల్ వచ్చి తగులుకునేలోగా కదిలితే సరే, ఆ తరవాత నా చేతుల్లో ఏమీ లేదన్నాడు.

ఆ క్షణంలో మాస్టారికి గుర్తొచ్చింది పురాణమూ కాదు, చరిత్రా కాదు. సీసా మూత రాకపోతే తాను ముఖం ఎర్రబడేదాకా తిప్పుతుంటే, భార్య వచ్చి లాక్కుని పొడిగుడ్డ చుట్టి ఒక్క మెలికతో తీసేసేది. ముందు పట్టు చూసుకోవాలండీ, బలం సంగతి తరవాత, అనేది. పట్టు ఎక్కడుందా అని ఆయన చుట్టూ చూశారు. తాడు వెంబడి, బారులు తీరిన కెమెరా స్టాండ్ల కింద, ఒక్కోదానికి ఒక్కో సంచి వేలాడుతోంది.

ఆయన తాడు దగ్గరికి నడిచి బావమరిది ముందు నిలబడ్డారు. అతను కన్ను కెమెరాకు ఆనించే ఉంచాడు.

"బావా, పక్కకు జరుగు. మావాడు వస్తున్నాడు."

"నీ ఇసుక కావాలిరా."

అతను కన్ను తీశాడు. చక్రాల వైపు చూశాడు, బావ వేళ్ళ వైపు చూశాడు. కళ్ళజోళ్ళవాడు కదా, ఒక్క చూపుకే లెక్క తేలింది.

"ఇన్నేళ్ళు దీనికోసమే ఎదురుచూశాను," అన్నాడు. "మావాడు మీ పెద్దమ్మని తోసే ఫొటో. ఇంకో రెండు నిమిషాలు నువ్వు నోరుమూసుకుంటే నాకు దొరుకుతుంది."

"దొరుకుతుంది," అన్నారు మాస్టారు. "ఆ తరవాత దాన్ని దిమ్మెక్కిస్తారు. రేపటినుంచి నువ్వు ఎవరిని వెక్కిరిస్తావు?"

డీజిల్ ఇంజను దగ్గరవుతున్న దడదడ నేలలోంచి తెలుస్తోంది. అది వినడానికే బావమరిది రాత్రంతా నిద్రపోలేదని మాస్టారికి తెలుసు. తెలిసీ అక్కణ్ణుంచి కదల్లేదు. చెయ్యి చాచే ఉంచారు.

బావమరిది వంగి సంచి ముడి విప్పాడు. స్టాండు తేలికపడి గాలికి ఊగింది. "అక్క ఉంటే నాకు ఈ ఖర్మ పట్టేది కాదు. నీ చేతికి నూనె గుడ్డే ఇచ్చేది కాదు," అని తాడు కింద నుంచి దూరి ముందుకు వచ్చేశాడు.

తాడు దాటాడు. బారంతా ఒక్కసారి గుర్రుమంది. అతను వాళ్ళవైపు తిరిగి, ఇవాళ ఎవడి బొమ్మలోనూ నా వీపు తప్ప ఏమీ పడదు, కాబట్టి అందరూ సంచులు పట్టుకుని రండి, కనీసం మీ వీపులు కూడా పడతాయి, అన్నాడు. ముందు నవ్వు వచ్చింది, ఆ వెనకే మనుషులు వచ్చారు. ఆవిరివాళ్ళు, డీజిల్‌వాళ్ళు, కరెంటు బండ్లు తప్ప కన్నెత్తి చూడని కుర్రకారు, అందరూ. డ్రైవరమ్మ కిటికీలోంచి వంగి ఎవరు ఎక్కడ నిలబడాలో, పట్టాకు ఎంత దూరం ఉండాలో చెప్పింది. పిడికిళ్ళతో పట్టాల మీద సన్నటి గీతలా ఇసుక పోసుకుంటూ వెళ్ళారు, ముగ్గులో పిండి వదిలినట్టు, ఎక్కువా కాకుండా తక్కువా కాకుండా. దర్జీ తన చొక్కా విప్పి చక్రాల అంచులు అందినంత మేర పొడిగా తుడిచాడు. అక్కచెల్లెళ్ళలో పెద్దావిడ తాడు పైకెత్తి పట్టుకుంది, అందరూ వంగకుండా వెళ్ళడానికి.

డీజిల్ వచ్చి వెనక ఆగింది. రెండు బండ్లనూ తగిలించే గొలుసు పట్టుకుని ఒక మనిషి దిగాడు. అధికారి అతనికి చెయ్యెత్తి ఆగమన్నాడు. ఎందుకు ఎత్తాడో ఆయనకే తెలియాలి.

"అందరూ వెనక్కి," అంది డ్రైవరమ్మ.

జనం నోళ్ళు మూతపడ్డాయి. ఆమె ఆవిరిని పాలు పోసినంత నెమ్మదిగా వదిలింది. చక్రాలు ఒక్క జానెడు జారాయి. తరవాత చక్రాల కింద ఇసుక కరకరమని నలిగింది, అప్పడం విరిగినంత స్పష్టంగా. పెద్దమ్మ ఒకసారి బరువుగా నిట్టూర్చింది. మొదటి పెట్టె కదిలింది, రెండోది కదిలింది, మూడోది.

అప్పుడు ఒక కేక వినిపించింది. చప్పుళ్ళు రికార్డు చేసుకునే పొడుగాయన. పక్కవాడు ఊపిరి పీల్చినా సహించని మనిషి, చెవి డిప్పలు మెడకు జారిపోగా, తన మైకు పక్కనే నిలబడి గొంతు చించుకుంటున్నాడు. దాంతో మిగతావాళ్ళ గొంతులకూ అడ్డు తొలగిపోయింది. మాస్టారు కదులుతున్న పెట్టె ఎక్కలేదు. ఇసుక అంటిన చేతులు వేలాడేసుకుని, పెద్దమ్మ ఎత్తు ఎక్కి వంతెన దాటేదాకా చూస్తూ నిలబడ్డారు. అధికారి రేడియోలో ఒక ముక్కే చెప్పాడు, తోయక్కర్లేదని. ఈసారి ఇంజను వైపు చూస్తూనే చెప్పాడు.

ఎర్ర డీజిల్ ఇంజను ఒంటరిగా, దర్జాగా వాళ్ళ ముందు నుంచి సాగిపోయింది. బావమరిది దాన్ని చేతికి అందేంత దగ్గరగా చూశాడు. ఫొటో తియ్యలేదు. సంచి లేని స్టాండు అప్పటికే గాలికి పక్కకు పడి ఉంది. చిట్టచివర వచ్చిన కొత్త బండి చప్పుడే లేకుండా జారిపోతుంటే కరెంటు పిచ్చి కుర్రాళ్ళు మాత్రం కెమెరాల కోసం పరుగులు తీశారు.

"కెమెరా బాగానే ఉందా?" అని అడిగారు మాస్టారు.

"నీ పుణ్యమా అని గడ్డిలో పడింది. బతికింది." ఖాళీ సంచి దులిపి భుజాన వేసుకున్నాడు. "నా ఇసుక ఎప్పుడిస్తావు?"

"పట్టాల మీదే ఉంది, ఏరుకో."

అనుమతి వచ్చింది. ఆ తరవాతి ఆదివారం మాస్టారు షెడ్డుకు వెళ్ళేసరికి బావమరిది అప్పటికే గుమ్మంలో ఉన్నాడు, ఎండబెట్టి జల్లించిన ఇసుక రెండు సంచులతో. ఇంజను పొగా మసీ గురించి నాలుగు మాటలు అన్నాక, ఊరికే నిలబడి ఏం చేస్తాను, ఏదైనా పని చెప్పమన్నాడు. డబ్బాల గొట్టం సరిచేస్తున్న డ్రైవరమ్మ తలెత్తి మాస్టారి వైపు చూసింది.

"తుడవడం వచ్చా?" అన్నారు మాస్టారు.

"రోజంతా కళ్ళద్దాలు తుడిచేవాణ్ణి పట్టుకుని అడుగుతావేంటి బావా?"

"అయితే రా," అని ఆయన ఒక పొడి గుడ్డ, ఒక నూనె గుడ్డ అందించారు. "ఎక్కడ తుడవకూడదో ముందు చూపిస్తాను."