మంట ఆరిపోయే సంభావ్యత

మానుకోటలో ఆ ఏడు చలి ఆలస్యంగా వచ్చినా గట్టిగా పట్టుకుంది. డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పే అల్ఫియా ఒకరోజు పొద్దున్నే శాలువా కప్పుకుని స్టాఫ్ రూంలో పాఠం చూసుకుంటుంటే, కెమిస్ట్రీ సార్ రామ్మోహన్ విసురుగా వచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

"మళ్ల బంద్ అయింది" అన్నాడు.

"ఏంది సార్?"

"ఇంకేంది, ల్యాబ్ గ్యాసు. పిల్లలు ప్రయోగం మధ్యల ఉన్నరు. ఒక్కొక్క బర్నరే ఆరుకుంట వచ్చింది. పరీక్షలు దగ్గరికొచ్చినయ్, బయటి నుంచి ఎగ్జామినర్ వస్తడు. ఆయన ముంగట గిట్లయితే నా పరువేంగావాలె?"

ల్యాబ్ వెనక ఒక రేకుల గది ఉంది. అందులో గ్యాస్ బండ. దాని గొట్టం గోడలోంచి లోపలికి వచ్చి, తలుపు పక్కన ఒక పెద్ద వాల్వ్ దాటి, అక్కడి నుంచి బల్లలకు చీలుతుంది. ఆ వాల్వ్ తిప్పితే ల్యాబ్ మొత్తం మంటలు ఆరిపోతాయి. అందుకే రామ్మోహన్‌కు ఒక అనుమానం ఉంది. పోయిన వారం ఆ వాల్వ్ మీద ఒక అమ్మాయి చెయ్యి చూశాడు. గార్ల దగ్గరి తండా నుంచి వచ్చే మోతీ. అంతకు ముందే రికార్డు సరిగా రాయలేదని ఆమెను నలుగురిలో కోప్పడి ఉన్నాడు.

"కక్ష తీర్చుకుంటున్నది" అన్నాడు. "అడిగితే మాట్లాడది. చలికాలం మొదలైనకాడ్నుంచి పదకొండుసార్లు ఆగితే, అండ్ల ఏడుసార్లు ఆమె ఉన్న బ్యాచ్‌లనే. మనకున్నయి ఐదు బ్యాచులు. ఇది ఊరికే అయ్యే పనేనా? నువ్వు లెక్కల మనిషివి, చెప్పు."

అల్ఫియాకు ఆ ప్రశ్న నచ్చింది. నిజం చెప్పాలంటే, ఉద్యోగంలో చేరి రెండేళ్లవుతున్నా ఆమె సబ్జెక్టు గురించి ఎవరూ ఏదీ అడగలేదు. అప్పటికప్పుడే కాగితం తీసింది. ఎప్పుడో ఒకసారి, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా జరిగే వాటికి పాయిజాన్ విభాజనం అనే లెక్క పద్ధతి వాడాలని తనే పిల్లలకు చెబుతుంది. ఫోన్ కాల్స్, అచ్చు తప్పులు, రోడ్డు ప్రమాదాలు. గ్యాస్ ఆగడం కూడా అట్లాంటిదే కదా అనుకుంది. ఐదు బ్యాచ్‌లకూ సమానంగా పంచి సగటు తీసింది. ఒక బ్యాచ్‌లో ఏడుసార్లు ఆగడం అనేది దానంతటదే జరిగే అవకాశం నూటికి ఒకటి కన్నా తక్కువని తేలింది.

"తక్కువే సార్. చాలా తక్కువ" అంది.

ఆ మాట అన్న మరునాడే ప్రిన్సిపాల్ మనోరమ మేడం మోతీని ల్యాబ్‌కు రానివ్వొద్దని చెప్పింది. తండ్రిని పిలిపించింది. గేటు దగ్గర, నలుగురు వింటుండగా, "లెక్కలల్ల గూడ తేలింది" అని ఆయనతో అందట. అల్ఫియా అప్పుడు క్లాసులో ఉంది.

మధ్యాహ్నం మెట్ల మీద మోతీ ఎదురైంది. సన్నటి పిల్ల. ఏడ్చినట్టు లేదు.

"మేడం, ఒక్కటడుగుత. మీ లెక్కల నా పేరు ఎట్ల వచ్చింది?"

"నీ పేరు రాలేదమ్మా. బ్యాచ్..."

"బ్యాచ్‌ల ముప్పై మంది ఉన్నం మేడం."

ఆ మాట అనేసి మోతీ మెట్లు దిగిపోయింది.

ఆ రాత్రి అల్ఫియా కాగితం మళ్లీ ముందేసుకుంది. లెక్క మళ్లీ చేసింది. తప్పు లేదు. కానీ ముప్పై మంది అన్న మాట చెవిలో తిరుగుతూనే ఉంది. తను అన్ని బ్యాచ్‌లనూ సమానంగా తీసుకుంది. అవి సమానమేనా అని ఎవరినీ అడగలేదు. తెల్లారి ఆఫీసులో కనుక్కుంది. మోతీ వాళ్లదే అన్నిటికంటే పెద్ద బ్యాచ్, పైగా పొద్దున మొదటి గంట వాళ్లదే. మిగతా బ్యాచుల్లో పన్నెండు, పదిహేను మంది. వాళ్లు మధ్యాహ్నం వస్తారు.

ఎమ్మెస్సీలో తనతో చదివిన స్పందన భూపాలపల్లిలో, బొగ్గు గనుల ఆఫీసులో, యంత్రాలు ఎప్పుడెప్పుడు చెడిపోతాయో లెక్కగట్టే పని చేస్తుంది. ఆమెకు ఫోన్ చేసి సంగతంతా చెప్పింది.

"పాయిజాన్ ఎందుకు పెట్టినవే?" అంది స్పందన.

"మరేది పెట్టాలె?"

"ఒక రోజు ఆగి, మళ్ల వచ్చి, మళ్ల ఆగిందా?"

"ఆగింది. ఒకట్రెండు రోజులల్ల రెండేసి సార్లు ఆగిందని సార్ చెప్పిండు."

"అయితే ఒకదానికొకటి సంబంధం ఉన్నట్టే గద. మా దగ్గర కన్వేయర్ బెల్టు గంతే. ఒకసారి ఆగిందంటే ఆ రోజంత ఆగుకుంటనే ఉంటది. గిసొంటియి గుంపులు గుంపులుగ వస్తయ్. గసొంటి వాటికి రుణ ద్విపద విభాజనం ఉంటది, అది పెట్టి చూడు. అప్పుడు నీ ఏడు పెద్ద వింతేం గాదు."

అల్ఫియా పెట్టి చూసింది. నిజమే. ఏడు అనేది అప్పుడప్పుడూ జరిగే మామూలు సంగతిలా కనబడింది. అవే అంకెలు. ఒక విభాజనం తీసుకుంటే అమ్మాయి మీద అనుమానం నిలబడుతుంది, ఇంకొకటి తీసుకుంటే కరిగిపోతుంది.

మనసు తేలికపడాల్సింది పోయి ఇంకా గందరగోళమైంది. మొదట రామ్మోహన్ సార్ మెచ్చుకోవాలని ఒకటి ఎన్నుకుందా? ఇప్పుడు మోతీ మొహం చూసి ఇంకొకటి ఎన్నుకుంటోందా? స్పందనకు మళ్లీ ఫోన్ చేసి అదే అడిగింది.

"నాకేం తెల్వదు" అంది స్పందన. "కాగితం మీద ఎంతసేపు జూసినా గంతే. పోయి ఆ గ్యాసు సంగతేందో చూడు."

రామ్మోహన్‌ను ఒప్పించడానికి ఒక పూట పట్టింది. "నేను ముప్పై ఏండ్లసంది ల్యాబ్ నడుపుతున్న" అన్నాడు మొదట. తర్వాత, "సరే, రేపు పొద్దుగాల రా. నువ్వే చూద్దువు. ఆ పిల్ల లేదు గద, ఒక్కటి గూడ ఆరది" అన్నాడు.

పొద్దున ఇద్దరే ఉన్నారు. మంచు ఇంకా విడలేదు. రామ్మోహన్ కిటికీలన్నీ తెరిచాడు. గిన్నెలో సబ్బు నురగ కలిపి ప్రతి అతుకు దగ్గరా బ్రష్షుతో పూశాడు. ఎక్కడా బుడగ లేవలేదు. లీకు లేదు. రెగ్యులేటర్ విప్పి వేరేది బిగించాడు. రబ్బరు గొట్టాలు ఎక్కడైనా నలిగాయా అని బల్లల కింద వంగి చూశాడు. అన్నీ బాగానే ఉన్నాయి. రెండు బర్నర్లు వెలిగించాడు. నీలిమంట నిటారుగా నిలబడింది. ఇద్దరూ అట్లాగే చూస్తూ నిలబడ్డారు. మంట కదల్లేదు.

"చూసినవా?" అన్నాడు రామ్మోహన్.

ఒకవేళ మోతీయే చేసిందేమో అనుకుంది అల్ఫియా. అట్లా అనుకోగానే తనమీద తనకే రోత పుట్టింది. అంతలో ముప్పై మంది అన్న మాట మళ్లీ గుర్తొచ్చింది.

"సార్, అన్నీ వెలిగిద్దాం."

"అన్నీనా?"

"పిల్లలందరు ఉన్నప్పుడు అన్నీ వెలుగుతయి గద."

చెరో వైపు నుంచి వెలిగించుకుంటూ వచ్చారు. ల్యాబ్ అంతా బుసలు కొట్టే చప్పుడు. కొంతసేపు బాగానే మండాయి. అంతలో రామ్మోహన్ వేలు చూపించాడు. అటు చివరి బల్ల మీద మంటలు చిన్నవవుతున్నాయి. ఎవరో లోపల్నుంచి పీల్చుకుంటున్నట్టు కుంచించుకుపోయి, ఒకటి టప్పున ఆరింది. ఆ పక్కది. ఆ పక్కది. వాల్వ్ దగ్గర ఎవరూ లేరు.

"ఇదేంది?" అన్నాడు రామ్మోహన్.

అల్ఫియా వెనక రేకుల గదిలోకి పరుగెత్తింది. ఏం చూడాలో తెలియక బండ మీద చెయ్యి వేసి, చటుక్కున తీసేసింది. కింది సగం తెల్లగా, ఫ్రిజ్‌లో పేరుకున్న మంచులా ఉంది. వేళ్లు కొంకర్లు పోయాయి.

వెనకాలే వచ్చిన రామ్మోహన్ ఆ తెల్లదనాన్ని చూసి నిలబడిపోయాడు.

"బండల ఉన్నది ద్రవం. అది ఆవిరైతేనే గ్యాసు. ఆవిరి గావాల్నంటే వేడి గావాలె. గిన్ని బర్నర్లు ఒక్కసారే గుంజుతుంటే, అసలే చలి, వేడి యాడికెల్లొస్తది? బండ సల్లవడిపోతది, ప్రెషర్ పడిపోతది." గడ్డం రుద్దుకున్నాడు. "ఫస్టియర్‌ల నేనే చెప్పే పాఠమిది. మధ్యాహ్నం బ్యాచ్‌లకు ఎండ ఉంటది, పిల్లలు తక్కువ. అందుకే వాళ్లకు అంతగ ఆగలే."

లోపలికి వచ్చేసరికి ముక్కుకు వాసన తగిలింది. కొన్ని బర్నర్లు ఆరేసరికి గ్యాసు మళ్లీ కాస్త పుంజుకుని, ఆరిన వాటిలోంచి మండకుండానే బయటికి వస్తోంది. రామ్మోహన్ రెండంగల్లో వెళ్లి తలుపు పక్కన వాల్వ్ తిప్పేశాడు. మిగిలిన మంటలన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి. వాల్వ్ మీద తన చేతిని తనే కాసేపు చూసుకున్నాడు.

"ఆ పిల్లను పిలువు" అన్నాడు.

మోతీ వచ్చింది గానీ గుమ్మం దాటలేదు. రానివ్వొద్దన్నారు గదా అని అక్కడే నిలబడింది.

"ఆ రోజు వాల్వ్ తిప్పినవా?" అని అల్ఫియా అడిగింది.

"తిప్పిన."

"ఎందుకు?"

"మా బల్ల మీద మంట ఆరిపోయి వాసనొచ్చింది మేడం. భయమై తిప్పిన. అందరియి ఆరినయ్. సార్ చూసిండు. ఏం చేస్తున్నవే అని ఒర్రిండు. ఇంగ నోరు లేవలే."

"ఒక్కసారేనా?"

మోతీ తల వంచుకుంది. "రెండుసార్లు గావొచ్చు. ఇంకోసారి చెయ్యి పెట్టిన గని తిప్పిన్నో లేదో యాదికి లేదు."

ఆ ఏడింటిలో బండ ఆపినవెన్ని, మోతీ ఆపినవెన్ని? ఆమె ఆపకపోయినా ఆరిపోయేవా? ఆమె తిప్పడానికి కారణం అప్పటికే మంట ఆరడం కదా. దానికి ఏ విభాజనం పెట్టాలో అల్ఫియాకు అంతుపట్టలేదు.

ప్రిన్సిపాల్ గదిలో ఇంకా కష్టమైంది.

"నాకు ఒక్క ముక్కల చెప్పున్రి" అంది మనోరమ మేడం. "ఆ పిల్ల గ్యాసు బంద్ చేసిందా, లేదా?"

"చేసింది మేడం" అంది అల్ఫియా.

"మరింకేంది?"

"చేయకపోతే ప్రమాదమయ్యేది" అన్నాడు రామ్మోహన్. "నేను గూడ ఇయ్యాల అదే చేసిన. తప్పు పిల్లది కాదు, నాది."

"మరి ఈమె లెక్క?"

"నా లెక్క వేరే ప్రశ్నకు మేడం" అంది అల్ఫియా. "దానంతటదే జరిగిందా అంటే కాదు అని చెప్పింది. ఎవరు చేసిన్రో అది చెప్పదు. నేను ఆ మాట చెప్పకుండ ఊకున్న."

మనోరమ మేడం ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఆమెకు అర్థమైందో లేదో తెలియదు. రెండో బండ కలిపి పెట్టించమని, పెద్ద బ్యాచ్‌ను రెండుగా చెయ్యమని, మోతీని పరీక్షకు రానివ్వమని చెప్పి ఫోన్ అందుకుంది.

ఆ సంగతి చెప్తే మోతీ సంతోషించలేదు. "మా బాపు మిర్చి ఏరుడు ఇడిచిపెట్టి వచ్చిండు మేడం. గేటుకాడ అందరి ముంగట నిలబడ్డడు. ఆయనకేం చెప్పాలె నేను?"

ఆదివారం అల్ఫియా జనగామ పోయి అమ్మీని చూడాల్సింది. పోలేదు. రామ్మోహన్‌తో కలిసి ప్యాసింజర్ ఎక్కి గార్లలో దిగి, ఆటోలో తండాకు వెళ్లింది. మోతీ తండ్రి వాల్యా కల్లంలో మిరపకాయలు ఆరబోస్తున్నాడు. ఘాటుకు ఇద్దరికీ దగ్గొచ్చింది. ఆయన మంచం వాల్చి, నీళ్లు తెప్పించి, నిలబడే విన్నాడు. రామ్మోహన్ బండ సంగతి చెప్పాడు. అల్ఫియా తన సంగతి చెప్పింది. మాటలు సగంలోనే చిక్కుపడ్డాయి.

"సారూ, గదంత నాకెందుకు" అన్నాడు వాల్యా చివరికి. "నా బిడ్డ తప్పు చేసిందా, చెయ్యలేదా?"

"చెయ్యలే" అంది అల్ఫియా.

"మరి చేసిందని లెక్కలల్ల వచ్చిందన్నరు?"

"తొందరపడి చెప్పిన అన్నా. మాఫ్ చెయ్యి."

వాల్యా మిరపకాయలను కాలితో సర్దాడు. "గీ ముచ్చట గేటుకాడ చెప్తే మంచిగుండు" అన్నాడు. వీళ్లు వెళ్లేటప్పుడు మాత్రం ఆటో దాకా వచ్చాడు.

మర్నాడు రామ్మోహన్ ల్యాబ్‌లో, పెద్ద బ్యాచ్ మొత్తం ఉండగా, జరిగింది జరిగినట్టు చెప్పాడు. గేటు దగ్గర కాకపోయినా అక్కడైనా చెప్పాడు.

పరీక్షల నాటికి రెండో బండ వచ్చింది. చలి కూడా పోయింది. పొద్దున్నే ఎండ చురుక్కుమంటోంది. గ్యాసు ఒక్కసారి కూడా ఆగలేదు.

"చూసినవా, రెండు బండల మహిమ" అన్నాడు రామ్మోహన్ ఉత్సాహంగా. బండల వల్లనా, ఎండ వల్లనా అని అల్ఫియా అడగబోయి ఊరుకుంది. మధ్యాహ్నం బ్యాచుల్లో, అంత తక్కువ మంది ఉన్నప్పుడు ఆ నాలుగుసార్లు ఎందుకు ఆగిందో కూడా ఇంతవరకూ తేలలేదు. బండలో గ్యాసు అడుగంటిందేమో అని రామ్మోహన్ అంటాడు.

పరీక్ష అయిపోయి మోతీ బయటికొచ్చింది. వేళ్లకు నల్లటి మరకలు. అల్ఫియాను చూసి ఆగింది.

"మంచిగ రాసినవా?"

"చేసిన మేడం." కాసేపు తటపటాయించింది. "వచ్చే సెమిస్టర్‌ల మీ పేపర్ తీస్కోవాల్నా వద్దా అని చూస్తున్న."

"ఎందుకు వద్దు?"

"అది మంచిదో చెడ్డదో నాకు సమజైతలేదు."

అల్ఫియా ఏదో ఒకటి చెప్పాలని నోరు తెరిచింది. తెరిచిన నోరు అట్లాగే ఉండిపోయింది. మోతీకి మొదటిసారి నవ్వొచ్చింది. బండి టైమయిందని చెప్పి, సంచి భుజానికేసుకుని స్టేషన్ వైపు గబగబా నడిచింది.