ఉతికిన జెర్సీ

"దీన్ని ఉతకమని ఎవరు చెప్పారు నీకు?"

భర్త దండెం మీంచి జెర్సీని లాగి ఆమె ముఖం ముందు ఆడించాడు.

తమ ఫుట్‌బాల్ జట్టు గెలుస్తున్నంత కాలం జెర్సీకి నీళ్లు తగలకూడదన్నది ఆ ఇంటి మగవాళ్ల నియమం. నెలన్నరగా జట్టు గెలుస్తూనే ఉంది. నెలన్నరగా అది కుర్చీకి వేలాడుతూ, చంకల దగ్గర అట్టకట్టి, పడగ్గదినంతా పులిసిన చెమట కంపుతో నింపింది. మొన్న ఆమె ముక్కు బిగబట్టి దాన్ని బకెట్లో ముంచింది. నిన్న జట్టు ఓడిపోయింది.

"వదిన సబ్బు పెట్టి మూడు గోల్స్ కొట్టేసింది అన్నయ్యా," అన్నాడు మరిది, సోఫాలోంచి కదలకుండా.

"అంత శుభ్రం ఎందుకమ్మా నీకు? మగపిల్లల నమ్మకం, చూసీ చూడనట్టు పోవాలి," అంది అత్తగారు.

ఆమె జెర్సీ అందుకుని మళ్లీ దండెం మీద వేసింది. వేళ్ల సందుల్లో ఆ కంపు ఇంకా ఉన్నట్టే అనిపించింది. ఎందుకు ఓడారో ఆమెకు తెలుసు. పరాయి ఊళ్లో ఆట కనుక నిన్న అందరూ టీవీ ముందే కూర్చున్నారు. ఆమె టీలు అందిస్తూ వంటింటి గుమ్మంలోంచి చూసింది. ఎడమ పక్క డిఫెండరు ఉడుకురక్తం కుర్రాడు, బంతి దొరికితే చాలు ముందుకు ఉరుకుతాడు. అతను వదిలేసిన ఖాళీని ప్రతిసారీ ఆరో నంబరు ఆటగాడు వచ్చి కాస్తాడు. గోల్ కొట్టడు, కెమెరాకి కనపడడు. ఒక గోల్ ముందంజలో ఉండగా, అరగంట ఆట మిగిలుండగా, కోచ్ అతన్ని బయటికి పిలిచి గోల్ కొట్టే స్ట్రైకర్ని ఇంకొకణ్ణి దింపాడు. "పీడా పోయింది, తిండి దండగ," అని భర్త చప్పట్లు కొట్టాడు. "ఎడమ పక్క ఖాళీ అయిపోయింది," అంది ఆమె గుమ్మంలోంచి. "నువ్వు పాలు పొంగకుండా చూడు," అన్నాడతను. అవతలి జట్టు మూడు గోల్సూ ఎడమ పక్కనుంచే పడ్డాయి. ఆట ముగియగానే ఫోనులో స్నేహితుడితో అతను అన్న మాట ఆమె చెవిన పడింది: "ఎడమ పక్క ఖాళీ అయిపోయిందిరా, నేను ముందే చెప్పా." తన నోట్లోంచి తీసిన ముద్దని తన ఎదుటే నమిలి మింగుతున్నట్టు అనిపించింది ఆమెకు.

బంతి లేనివాణ్ణి చూడమని నేర్పింది నాన్న. స్టేడియంలో, గోల్ వెనక ఎత్తుమెట్ల మీద, ఆయన పక్కన ఆమెకో సీటు ఉండేది. ఇప్పటికీ ఏటా ఆ సీటు పాస్ ఆమె పేరు మీదే వస్తుంది. పెళ్లైన కొత్తలో, "ఈసారికి తమ్ముడు వెళ్తాడులే," అన్నాడు భర్త. ఆ ఈసారి ఇంకా అవలేదు. పాస్ మరిది పర్సులో ఉంటుంది.

మధ్యాహ్నం అందరికీ వడ్డించి, ఆమె కూడా కంచం పెట్టుకుని వాళ్లతోపాటు కూర్చుంది. అత్తగారు వింతగా చూసింది.

"వదినా, కూర."

"గిన్నె నీ ముందే ఉంది. తిన్నాక నా పాస్ ఇచ్చెయ్. ఆదివారం ఆటకి నేను వెళ్తున్నాను."

మరిది నవ్వబోయి అన్న ముఖం చూశాడు.

"ఆ తోపులాటలో నువ్వేం చూస్తావ్?" అన్నాడు భర్త. "అయినా ఆట అయ్యాక మావాళ్లు భోజనానికి వస్తున్నారు. వండేదెవరు, వడ్డించేదెవరు?"

ఆమె నోట్లో ముద్ద నిదానంగా నమిలి మింగింది.

"ఆరో నంబరుని తీసేస్తే ఏమవుతుందో నిన్న టీవీలో చూశారు. ఆదివారం ఇంట్లో చూడండి."

పాస్ "తిన్నాక" ఇమ్మని అనవలసింది కాదనిపించింది ఆమెకు. కుడి చెయ్యి ఎంగిలిది. ఎడమ చెయ్యి మరిది ముందుకి చాచింది, పర్సు తెరుచుకునేదాకా దించలేదు.