‘ప్రమాద కారణం’ అనే గడి

“కుళాయి కట్టేయడం మర్చిపోయావా?” అన్నాడు తెత్సురో, బూట్లైనా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి. మిత్సుయో మోకాళ్ల మీద కూర్చుని తడి తువ్వాలు బకెట్లోకి పిండుతోంది. నీటి ఒత్తిడికి వాషింగ్ మెషిన్ గొట్టం ఊడిపోయి, వసారా నుంచి వంటింటి దాకా నీళ్లు. అలవాటు కొద్దీ “క్షమించండి” అనేసింది. మూడో బకెట్ పారబోస్తున్నప్పుడు గుర్తొచ్చింది, పొద్దున తను మెషిన్ ముట్టుకోనేలేదని. చేపలు పట్టడంలో బురదైన బట్టలు తనే ఉతుక్కుంటానన్నాడు భర్త. ఏడాదిలో అదే మొదటిసారి. పొంగిపోయి, మందుల షాపులో పనికి వెళ్లేదాకా ఆ మాటే తలచుకుంది.

ఆ సంగతి చెప్తే తెత్సురో నవ్వాడు. “సరేలే, ఇంట్లో బట్టలు ఎవరి పని?” అన్నాడు.

నీళ్లు కింది వాటాలోకి దిగాయి. అక్కడుండే ఒకుబో గారి పడకగది కప్పు ఉబ్బింది, నేలంతా పరిచిన తతామి గడ్డి చాపలు నానిపోయాయి. స్వీట్ల పెట్టె పట్టుకుని మిత్సుయో ఒక్కతే వెళ్లి, గుమ్మంలో నుదురు నేలకు ఆనేలా వంగింది. మగవాడు వెళ్తే గొడవ పెద్దదవుతుందట. అత్తగారు ఫోన్ చేసి, ఇంత వయసొచ్చినా ఒక కుళాయి చూసుకోలేవా అంది. ఇన్సూరెన్స్ వాళ్లకు ఫొటోలు, వడ్రంగి అంచనా, చాపలవాడి అంచనా అన్నీ మిత్సుయోనే పంపింది. వచ్చిన పనివాళ్లకు టీ ఇచ్చింది, షాపులో రెండు పూటలు సెలవు పెట్టింది. ఇవేవీ ఏ కాగితంలోనూ నష్టం కింద రాయడానికి చోటు లేదు.

చాపలవాడు కొలతలు తీసుకుని వెళ్లిన రోజు మిత్సుయో మళ్లీ వంగబోతే, డెబ్బై దాటిన ఒకుబో గారు భుజం పట్టి ఆపింది.

“చూడమ్మా, ఆ పొద్దున నువ్వు సైకిల్ మీద వెళ్లడం కిటికీలోంచి చూశాను. ఆ తరవాతే మీ మెషిన్ తిరిగింది. మా కప్పులోంచి అన్నీ వినిపిస్తాయి.”

మిత్సుయో మళ్లీ “క్షమించండి” అనబోయింది.

“నువ్వే చెప్తావని చూశాను. చెప్పవు, స్వీట్లు తెస్తావు. నాకసలే షుగరు.” ఆవిడ వేడి టీ కప్పు చేతిలో పెట్టి, తాగేదాకా ఇంకేమీ అడగలేదు.

ఆ సాయంత్రం పరిహారం ఫారం తీసింది. ‘ప్రమాద కారణం’ అన్న గడి దగ్గర, అన్నం తింటూనే తెత్సురో చెప్పాడు: “భార్య అజాగ్రత్త వల్ల అని రాయి. ఇంట్లో ఎవరు చేసినా డబ్బిస్తారు. నీకు పోయేదేముంది?”

ఆయన భయమేమిటో ఆమెకు తెలుసు. ఈ ఏడాది భవన సంఘం అధ్యక్ష పదవి వంతుల ప్రకారం వాళ్లింటికి వచ్చింది. బట్టలు ఉతికాక ప్రతిసారీ కుళాయి కట్టేయాలని లిఫ్టులో అంటించిన నోటీసు కింద ఉన్నది ఆయన పేరు. రాసింది మాత్రం మిత్సుయో. ఇలాంటి ప్రమాదం జరిగితే ఫారంలో రాసిన కారణంతో సహా నెలవారీ సమావేశంలో అధ్యక్షుడే చదవాలి.

పోయేదేముంది? చాలాసేపు ఆలోచించింది. పెళ్లైన పంతొమ్మిదేళ్లలో మాడిన చేపకీ, తప్పిన రైలుకీ, అత్తగారి అలకకీ కారణం అడిగినప్పుడల్లా తన పేరే రాసుకుంటూ వచ్చింది. ఎవరూ బలవంతపెట్టలేదు. గడి ఖాళీగా కనిపించేది, నింపేసేది.

కలం తీసి రాసింది. బట్టలు ఉతికినది భర్త. కుళాయి కట్టేయకుండా బయటికి వెళ్లినది భర్త. ఆ సమయంలో భార్య పనిలో ఉంది.

తెత్సురో కాగితం లాక్కుని చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. “ఇది నేను అందరి ముందూ చదవాలా?”

“మీరే చదవాలి,” అంది మిత్సుయో, గిన్నెలు తీస్తూ. “అందుకే అక్షరాలు పెద్దగా రాశాను.”