ఒకే ఇంట్లో ఇద్దరు ఓబులేసులు

1988లో నంద్యాల విత్తనాల సంఘానికి కంప్యూటర్ వచ్చింది. సోమవారం నుంచి అది ఇచ్చే జాబితా ప్రకారమే రైతులకు వేరుశనగ విత్తనాలు పంచుతారు. ప్రోగ్రాంలో తప్పులు పట్టడం నేర్పడానికి హైదరాబాదు నుంచి శ్రీకంఠం వచ్చాడు. శిక్షణ ఈ రోజుతో ముగుస్తుంది. నేర్చుకుంటున్న ఆళ్లగడ్డ గోవిందమ్మ ప్రోగ్రాంలో తప్పుల్లేవని సంతకం పెడితే ఆమెకు అక్కడే ఉద్యోగం ఖాయం.

శ్రీకంఠం బోర్డు మీద రాసిచ్చిన పది పరీక్షలూ సరిగ్గా వచ్చాయి. అప్పుడు గోవిందమ్మ తన చిన్నాయనలిద్దరి పేర్లూ కొట్టింది. రెండో పేరును కంప్యూటర్ తీసుకోలేదు.

"ఒకే మనిషిని రెండుసార్లు కొట్టావమ్మా," అన్నాడు శ్రీకంఠం.

"కాదు సార్, ఇద్దరు. మా జేజి అహోబిలం సామికి మొక్కుకొని ఇద్దరికీ ఓబులేసనే పెట్టింది. పెద్దోడు, చిన్నోడు అని ఇంట్లో పిలుస్తాం. కాగితాల్లో మాత్రం ఇద్దరూ ఓబులేసే, నాయన పేరూ ఒకటే."

"ఇలాంటి ఇళ్లు ఎన్నుంటాయిలే!"

"ఆళ్లగడ్డ బస్టాండులో నిలబడి ఓబులేసన్నా అని ఒక కేకెయ్యండి సార్. బస్సంతా దిగుతాది."

శ్రీకంఠం నవ్వాడు. వెంటనే నవ్వు ఆగిపోయింది. "సంతకం పెట్టకపోతే కంప్యూటర్ పని ఆగుతుంది. నీ ఉద్యోగానికి నేను హామీ ఇవ్వలేను."

సోమవారం రెండో చిన్నాయన ఖాళీ గోనెసంచితో వెనక్కి నడవడం ఆమె కళ్ల ముందు మెదిలింది. కాగితం మీద "ప్రోగ్రాం తప్పు" అని రాసి, దాని కింద సంతకం పెట్టింది.

శ్రీకంఠం ఆ కాగితం చదివాడు. తరువాత బోర్డు మీద తన పది పరీక్షలనూ తుడిచేసి సుద్దముక్క ఆమెకిచ్చాడు.

"ఇంకా ఇలాంటివి ఏమున్నాయి మీ ఊళ్లో?"

"కూచోండి సార్," అంది గోవిందమ్మ. "చానా ఉండాయి."